రాజుల తండ్రి కెకూవనావోఆ: తరచుగా అడిగే ప్రశ్నలు

హవాయి చరిత్ర అనగానే చాలామందికి గుర్తొచ్చే పేర్లు రెండు. దీవులన్నిటినీ ఒక్క ఏలుబడి కిందికి తెచ్చిన మొదటి కమేహమేహ ఒకరు, గద్దె పోగొట్టుకున్న చివరి రాణి లిలియువోకలాని మరొకరు. ఆ ఇద్దరి మధ్య కాలంలో, 1820ల నుంచి 1860ల దాకా, ఏ ముఖ్యమైన ఘట్టం తిరగేసినా ఒక మనిషి కనిపిస్తూనే ఉంటాడు. ఆయన పేరు మతాయో కెకూవనావోఆ. ఆయన గద్దె ఎక్కలేదు. కానీ ఆయన కొడుకులిద్దరు ఎక్కారు. ఒక కూతురు రాజ్యంలో రెండో స్థానంలో కూర్చుంది. మరో కూతురు తన తరంలో దీవుల్లోకెల్లా పెద్ద భూస్వామిని అయింది. ఆయన గురించీ ఆ కుటుంబం గురించీ మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఇంతకీ ఎవరీయన? ఒక్క ముక్కలో చెప్పండి.

ఓవాహు దీవికి, అంటే హోనొలులు ఉన్న దీవికి, రెండు దశాబ్దాలకు పైగా గవర్నరు. నాలుగో, ఐదో కమేహమేహలకు కన్నతండ్రి. 1790ల తొలినాళ్లలో పుట్టి, 1868 నవంబరు 24న హోనొలులులో కన్నుమూశాడు. మతాయో అన్నది క్రైస్తవం పుచ్చుకున్నాక వచ్చిన పేరు, మత్తయి అన్నమాట.

కమేహమేహ వంశంవాడేనా?

కాదు. నన్ను ఈ మనిషి వైపు లాగింది కూడా అదే. ఆయన తండ్రి నహియోలెయా ఓడిపోయిన పక్షంవాడు. కయియానా అనే పేరుమోసిన వీరుడికి సోదరుడు. ఆ కయియానా 1787లో ఇంగ్లిష్ వ్యాపారి జాన్ మీర్స్ ఓడెక్కి చైనాలోని కాంటన్ దాకా వెళ్లొచ్చినవాడు. తర్వాత కమేహమేహ కొలువులో చేరాడు. అయితే 1795లో ఓవాహు మీదికి దండు కదిలినప్పుడు కయియానా, నహియోలెయా ఇద్దరూ అటు పక్షానికి ఫిరాయించారు. నువువాను లోయలో జరిగిన ఆ పోరులో ఓవాహు సైన్యం చిత్తుగా ఓడింది. కయియానా అక్కడే చనిపోయాడు.

తిరగబడినవాడి కొడుకును గెలిచినవాడు చేరదీయడం హవాయిలో వింతేం కాదు. కెకూవనావోఆ కమేహమేహ కొలువులోనే పెరిగాడు, యువరాజు లిహోలిహో పరివారంలో చేరాడు. ఆ తర్వాత కమేహమేహ మనవరాలిని ఒకసారి, కూతురిని మరోసారి పెళ్లి చేసుకున్నాడు. తండ్రి ఎవరి మీద కత్తి దూశాడో ఆ రాజు పేరుతోనే ఈయన కొడుకులు గద్దె ఎక్కారు.

1823 లండన్ ప్రయాణంలో ఆయన పాత్ర ఏమిటి?

మొదటి కమేహమేహ 1819లో పోయాక కొడుకు లిహోలిహో రెండో కమేహమేహగా రాజయ్యాడు. ఇంగ్లండు రాజును స్వయంగా కలిసి స్నేహం ఖాయం చేసుకోవాలని ఆయన పట్టుబట్టాడు. 1823 నవంబరులో లెగ్ల్ అనే తిమింగలాల వేట ఓడలో బయల్దేరారు. రాజు, రాణి కమామలు, ఓవాహు గవర్నరు బోకి, ఆయన భార్య లిలిహా, ఇంకా కొందరు నాయకులు. కెకూవనావోఆ ఆ బృందానికి ఖజానాదారు. బయల్దేరేటప్పుడు పెట్టెల్లో పెట్టిన సొమ్ముకూ లండన్‌లో తెరిచాక దొరికిన సొమ్ముకూ పొంతన కుదరలేదు. డబ్బు లెక్క చూసేవాడికి అది ఎంత టెన్షన్ పెట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు.

1824 మే నెలలో పోర్ట్స్‌మత్‌లో దిగారు. లండన్‌లో కాలెడోనియన్ హోటల్లో బస. నాటకశాలలకు వెళ్లారు, ఊరంతా వాళ్లను చూడ్డానికి ఎగబడింది. నాలుగో జార్జి రాజుతో భేటీ మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. ఈలోపు సైనికుల పిల్లల కోసం చెల్సీలో నడిపే ఆశ్రమ పాఠశాలను చూడ్డానికి వెళ్లారు. తట్టు అక్కడే అంటిందని చాలామంది అనుకుంటారు. హవాయి దీవుల్లో అప్పటికి ఆ జబ్బు లేదు, కాబట్టి చిన్నప్పుడు వచ్చిపోయి ఒంట్లో నిరోధకశక్తి మిగలడం అన్నదీ లేదు. బృందం మొత్తం మంచం పట్టింది. జులై 8న రాణి కమామలు చనిపోయింది, ఆమెకు ఇరవై రెండేళ్ల లోపే. ఆరు రోజులకు, జులై 14న, రాజు లిహోలిహో పోయాడు.

మిగిలినవాళ్లకు నాలుగో జార్జి సెప్టెంబరులో విండ్సర్‌లో దర్శనం ఇచ్చాడు. ఎవరి కోసం ఆ ప్రయాణం పెట్టుకున్నారో ఆ రాజు శవపేటికలో ఉండగా జరిగిన భేటీ అది. బ్లాండ్ అనే యుద్ధనౌకలో రెండు శవపేటికలతో తిరుగు ప్రయాణం. కెప్టెన్ లార్డ్ బైరన్, అదే పేరున్న కవికి జ్ఞాతి. దారిలో వల్పరైసోలో మరో నాయకుడు కపిహే చనిపోయాడు. 1825 మే నెలలో ఓడ హవాయి చేరింది.

తట్టు అనే మాట ఇక్కడ గుర్తుపెట్టుకోండి. ఈ కుటుంబాన్ని అది ఒక్కసారితో వదల్లేదు.

ఆయన భార్యలు ఎవరు?

చరిత్రలో నిలిచిన పెళ్లిళ్లు రెండు. మొదటిది పవాహితో. ఆమె కమేహమేహ కొడుకుగా గుర్తింపు పొందిన కవోలెయోకు కూతురు, అంతకు ముందు లిహోలిహో రాణుల్లో ఒకరు. 1826లో ఆడపిల్లను కని, ఆ పురిట్లోనే చనిపోయింది. ఆ పాపే రూత్ కెయెలికోలని.

రెండో పెళ్లి 1827లో కీనౌతో. కీనౌ సాక్షాత్తూ మొదటి కమేహమేహ కూతురు. ఆమె కూడా లిహోలిహో రాణుల్లో ఒకరే. లండన్‌లో చనిపోయిన కమామలుకు సొంత చెల్లెలు. అక్క శవపేటికతో సముద్రాలు దాటి వచ్చిన మనిషే తర్వాత చెల్లెలికి భర్త అయ్యాడు. తమ పిల్లలకు వీళ్లు పెట్టుకున్న పేర్లు చూస్తే ఆ ప్రయాణం ఇంట్లో ఎంతగా మిగిలిపోయిందో తెలుస్తుంది. ఒక కొడుకు పేరు లిహోలిహో, కూతురి పేరు కమామలు.

భార్యది ఆయన కంటే పెద్ద హోదానా?

చాలా పెద్ద హోదా. హవాయిలో ప్రభువర్గాన్ని అలీయి అంటారు. ఎవరి స్థాయి ఎంత అన్నది తల్లి, తండ్రి ఇద్దరి వైపు నుంచీ లెక్కిస్తారు, అందులో తల్లి రక్తానికి బరువెక్కువ. కెకూవనావోఆ అలీయే, కానీ పై వరుసలోవాడు కాదు. పిల్లలకు గద్దె మీద హక్కు వచ్చింది కీనౌ నుంచే. రాజుల తండ్రి అయి కూడా ఆయన ఎన్నడూ రాజు కాకపోవడానికి కారణం అదే.

కీనౌ కేవలం వంశం వల్ల గొప్పది కాదు, పాలించింది. కమేహమేహ భార్యల్లో కెల్లా బలమైన కాహుమను 1832లో పోయాక ఆమె స్థానంలో కుహినా నుయి పదవిలోకి వచ్చింది. ఆ పదవిని ప్రధానమంత్రి అనుకుంటే తక్కువ చేసినట్టే. రాజుతో కలిసి ఏలే అధికారం అది, రాజాజ్ఞ చెల్లాలంటే ఆ సంతకమూ కావాలి. 1833లో కుర్ర రాజు మూడో కమేహమేహ మిషనరీల కట్టుబాట్లు కాదని తిరగబడ్డాడు. జనాన్ని పోగుచేశాడు. కీనౌను దించేస్తాడనే అందరూ అనుకున్నారు. తీరా ఆ క్షణం వచ్చేసరికి ఆమెనే చూపించి, ఈమే నా తర్వాతి అధికారి అని ప్రకటించాడు. దానికి ముందు ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిచాయో ఎవరూ రాసిపెట్టలేదు.

1839 ఏప్రిల్ 4న గవదబిళ్లలు సోకి కీనౌ చనిపోయింది. చివరి బిడ్డకు అప్పటికి ఐదు నెలలు.

పిల్లలు ఎంతమంది? అందరినీ ఆయనే పెంచాడా?

కీనౌతో ఐదుగురు: డేవిడ్ కమేహమేహ (1828–1835), మోజెస్ కెకువాయివా (1829–1848), లాట్ కపువాయివా (1830–1872), అలెగ్జాండర్ లిహోలిహో (1834–1863), విక్టోరియా కమామలు (1838–1866). పవాహికి పుట్టిన రూత్‌తో కలిపితే ఆరుగురు.

వీళ్లలో చాలామంది కన్నవాళ్ల దగ్గర పెరగలేదు. హవాయిలో హానై అనే ఆచారం ఉంది. పుట్టిన బిడ్డను దగ్గరి బంధువుకో, మరో నాయకుడికో పెంపకానికి ఇచ్చేస్తారు. మన దత్తతలా పిల్లలు లేనివాళ్ల కోసం చేసే ఏర్పాటు కాదిది, కన్నవాళ్లతో తెగదెంపులూ ఉండవు. రెండు ఇళ్లను ఒక బిడ్డతో కలిపి కట్టేయడం. డేవిడ్‌ను, రూత్‌ను కాహుమను పెంచుకుంది. మోజెస్ కవాయి దీవి గవర్నరు కయికియోవాకు వెళ్లాడు. లాట్ మొదట రాకుమారి నాహియెనాయెనా దగ్గర, ఆమె పోయాక హోవాపిలి అనే నాయకుడి దగ్గర పెరిగాడు. అలెగ్జాండర్‌ను సొంత పిల్లలు బతకని మేనమామ, అంటే మూడో కమేహమేహ రాజే, పెంచుకుని వారసుడిగా ప్రకటించాడు.

అటు నుంచి ఇటు కూడా జరిగింది. కెకూవనావోఆ, కీనౌ దంపతులు పాకి, కోనియా అనే నాయక దంపతుల కూతురు బెర్నిస్ పవాహిని పెంచుకున్నారు. ఆమె తల్లి కోనియా, రూత్ తల్లి పవాహి ఒకే తండ్రి బిడ్డలు. మన వరసలో చెబితే రూత్, బెర్నిస్ అక్కచెల్లెళ్లు. ఈ సంగతి భూముల కథలో మళ్లీ వస్తుంది.

1839లో అమోస్, జూలియట్ కుక్ అనే మిషనరీ దంపతులు రాజవంశపు పిల్లల కోసం బడి పెట్టారు. మోజెస్, లాట్, అలెగ్జాండర్, విక్టోరియా అందరూ అక్కడే చదివారు. ఆ ఒక్క బడి నుంచి ఐదుగురు సింహాసనం ఎక్కారు.

రూత్ నిజంగా ఆయన కూతురేనా?

ఇది అప్పట్లోనే నలిగిన ప్రశ్న. కెకూవనావోఆను పెళ్లాడక ముందు పవాహి కహలాయియా అనే మరో నాయకుడితో ఉంది. బిడ్డ పుట్టిన సమయాన్ని బట్టి తండ్రి ఇద్దరిలో ఎవరైనా కావచ్చని జనం అన్నారు. హవాయి సంప్రదాయంలో ఇలాంటి బిడ్డకు ఇద్దరు తండ్రుల వంశమూ చెల్లుతుంది, దాన్ని మచ్చగా కాదు, అదనపు బలంగా చూస్తారు. కెకూవనావోఆ మాత్రం ఆమెను తన కూతురిగానే అంగీకరించాడు. నా దృష్టిలో ఆ అంగీకారమే అసలు విషయం. ఆయన చేసిన పనులన్నిటిలోకీ ఎక్కువ కాలం ఫలితం ఇచ్చిందీ అదే. ఎలాగో కింద చెబుతాను.

గవర్నరుగా ఏం చేశాడు?

కీనౌ పోయాక 1839లో ఓవాహు గవర్నరు అయ్యాడు. హోనొలులు రేవు అంటే ఆ రోజుల్లో తిమింగలాల వేట ఓడలు, తాగి తిరిగే నావికులు, ప్రతి చిన్న తగాదాకూ తమ దేశపు యుద్ధనౌక వస్తుందని బెదిరించే విదేశీ వర్తకులు. వాళ్లందరి ముందూ రాజ్యం తరఫున నిలబడాల్సింది గవర్నరే. రేవు ఒడ్డున పగడపు రాయితో కట్టిన కోట ఆయన అధీనంలో ఉండేది. జైలు కూడా అందులోనే.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. కాహుమను, కీనౌల పాలనలో కాథలిక్ మతం పుచ్చుకున్న హవాయియన్లను ఆ కోటలో బంధించి వెట్టిపనులు చేయించారు. అది అన్యాయం. ఆ పాలనలో కెకూవనావోఆకూ భాగం ఉంది. దాన్నే సాకుగా తీసుకుని 1839 జులైలో ఫ్రెంచి కెప్టెన్ లాప్లాస్ ఆర్తెమీజ్ నౌకతో వచ్చి, కాథలిక్కులకు స్వేచ్ఛ ఇవ్వాలని, హామీగా 20,000 డాలర్లు కట్టాలని, లేకపోతే యుద్ధమేనని బెదిరించాడు. రాజు అప్పటి రాజధాని లహైనాలో ఉన్నాడు. ఊళ్లోని వర్తకుల దగ్గర అప్పు చేసి ఆ డబ్బు ఓడ మీదికి పంపారు. ఏడేళ్ల తర్వాత, 1846లో, ఫ్రాన్స్ ఆ సొమ్ము తిరిగి ఇచ్చింది, వేసిన సీళ్లు వేసినట్టే ఉన్న పెట్టెల్లో.

1843లో బ్రిటిష్ కెప్టెన్ పాలెట్ ఐదు నెలలు దీవులను ఆక్రమించాడు. జులై 31న అతని పై అధికారి అడ్మిరల్ థామస్ వచ్చి రాజ్యాన్ని హవాయి రాజుకు తిరిగి ఇచ్చాడు.

1849లో ఫ్రెంచివాళ్లు కోటను ధ్వంసం చేస్తుంటే ఆయన ఎందుకు ఎదిరించలేదు?

ఈ ప్రశ్న తరచూ కాస్త ఎకసెక్కంగా వస్తుంది. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం. 1849 ఆగస్టులో అడ్మిరల్ ద త్రోమ్లే హోనొలులు వచ్చి పది డిమాండ్లు పెట్టాడు. ఫ్రెంచి బ్రాందీ మీద సుంకం తగ్గించడం వాటిలో ఒకటి. గడువు ముగిసింది. ఆగస్టు 25న ఫిరంగులు, నిచ్చెనలతో నావికాదళం ఒడ్డుకు దిగింది. కోట గోడలెక్కి లోపలికి దూకి చూస్తే సైన్యం లేదు. ఉన్నది ఇద్దరే: గవర్నరు కెకూవనావోఆ, రాజ్యపు మార్షల్ వారెన్ గుడేల్. మిగిలిన అందరినీ ముందే పంపించేశారు.

ఖాళీ కోటలో ఎదురు కాల్పులు లేకుండా నిలబడడం అనుకుని తీసుకున్న నిర్ణయం. ఒక్క తూటా పేలినా అది యుద్ధం అవుతుంది, యుద్ధమైతే తాహితిలాగే ఈ దీవులూ ఫ్రాన్స్ చేతికి పోతాయి. తాహితి రాణి పోమరేకు ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఫ్రెంచివాళ్లు ఫిరంగుల చెవుల్లో మేకులు దిగ్గొట్టి పనికిరాకుండా చేశారు, మందు పీపాలను సముద్రంలో గుమ్మరించారు, తుపాకులు విరగ్గొట్టారు, గవర్నరు ఇంట్లో సామాను చిందరవందర చేశారు. రాజుగారి పడవను పట్టుకుపోయారు, అది మళ్లీ రాలేదు. నష్టం లక్ష డాలర్లని లెక్క తేలింది. అయినా సెప్టెంబరులో వాళ్లు వెళ్లిపోయేసరికి రాజ్యం రాజ్యంగానే ఉంది, ఒక్క హవాయియన్ కూడా చావలేదు. అరవైకి దగ్గరపడిన మనిషి అందరినీ పంపించి, తాను మాత్రం అక్కడే ఉండడాన్ని పిరికితనం అనడానికి నాకు నోరు రాదు.

ఆ కోటను 1857లో పడగొట్టి ఆ రాయితోనే రేవు ఒడ్డు పూడ్చారు. ఫోర్ట్ స్ట్రీట్ అనే వీధి పేరు మాత్రం మిగిలింది.

కొడుకులు ఆ వెంటనే యూరప్ వెళ్లారంటారు, నిజమేనా?

నిజమే. కోట మీద దాడి జరిగి మూడు వారాలు తిరక్కుండానే పద్దెనిమిదేళ్ల లాట్, పదిహేనేళ్ల అలెగ్జాండర్, మంత్రి డాక్టర్ జడ్ వెంట పారిస్ బయల్దేరారు, ఫ్రాన్స్‌తో గొడవ తేల్చుకోవడానికి. ఫ్రెంచి అధ్యక్షుడు లూయీ నెపోలియన్‌ను, లండన్‌లో ప్రిన్స్ ఆల్బర్ట్‌ను, అమెరికా అధ్యక్షుడు టేలర్‌ను కలిశారు. ఇరవై అయిదేళ్ల కిందట తన రాజును పొట్టనబెట్టుకున్న ఊరికే తన ఇద్దరు కొడుకులూ వెళుతుంటే ఆ తండ్రికి ఎలా ఉండి ఉంటుంది? పైగా అంతకు ముందు ఏడాది, 1848లో, తట్టు, కోరింత దగ్గు దీవులను ఊడ్చిపెట్టాయి. బతికున్న కొడుకుల్లో పెద్దవాడు మోజెస్, రూత్ భర్త లెలెయోహోకు ఇద్దరూ ఆ ఏడాదే నెల తేడాతో పోయారు.

యూరప్‌లో కుర్రాళ్లకు రాజమర్యాద దొరికింది. తిరుగు దారిలో అమెరికా రైల్లో మాత్రం ఒక కండక్టర్ అలెగ్జాండర్ ఒంటి రంగు చూసి ఎవరి నౌకరో అనుకుని పెట్టెలోంచి దిగిపొమ్మన్నాడు. ఆ అవమానం గురించి అలెగ్జాండర్ డైరీలో మండిపడుతూ రాసుకున్నాడు. రాజయ్యాక ఆయన అమెరికాకు దూరంగా, బ్రిటన్‌కు దగ్గరగా జరగడానికి అదొక్కటే కారణం అనను, కానీ అది మరిచిపోయే దెబ్బ కాదు.

ఇద్దరు కొడుకులూ ఎలా పాలించారు?

అలెగ్జాండర్ 1855 జనవరిలో, ఇరవై ఏళ్లకే, నాలుగో కమేహమేహ అయ్యాడు. 1856లో ఎమ్మాను పెళ్లాడాడు. జనం అంటువ్యాధులతో రాలిపోతుంటే చూడలేక భార్యాభర్తలిద్దరూ చందాలు అడిగి 1859లో క్వీన్స్ హాస్పిటల్ స్థాపించారు. అది ఇప్పటికీ హోనొలులులో పెద్దాసుపత్రే. అదే ఏడాది అనుమానంతో, కోపంతో తన కార్యదర్శి నీల్సన్‌ను కాల్చాడు. అతను కొంతకాలం మంచంలోనే తీసుకుని చనిపోయాడు. 1862లో ఏకైక కొడుకు ఆల్బర్ట్ నాలుగేళ్లకే పోయాడు. ఏడాది తిరిగాక రాజు కూడా ఉబ్బసంతో పోయాడు, ఇరవై తొమ్మిదేళ్లకు.

లాట్ వేరే రకం. మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఐదో కమేహమేహగా గద్దె ఎక్కగానే పాత రాజ్యాంగం మీద ప్రమాణం చేయనన్నాడు, 1864లో తనే కొత్తది ప్రకటించాడు. చిన్నప్పుడు బెర్నిస్ పవాహికీ ఆయనకూ పెళ్లి అనుకున్నారు, ఆమె అమెరికన్ చార్లెస్ బిషప్‌ను చేసుకుంది. లాట్ పెళ్లే చేసుకోలేదు.

విక్టోరియా గురించి ఎక్కడా పెద్దగా కనబడదే?

కనబడాల్సిన మనిషి. పదహారేళ్లకే, 1855లో, కుహినా నుయి అయింది. 1863 నవంబరు 30న అన్న అలెగ్జాండర్ చనిపోయిన రోజే, వారసుడి ప్రకటన లేకుండా గద్దె ఖాళీ అయినప్పుడు, మరో అన్న లాట్‌ను రాజుగా ప్రకటించింది ఆమే. రాజ్యం ఒక్క రోజు కూడా రాజు లేకుండా ఉండలేదంటే ఆ ఇరవై అయిదేళ్ల అమ్మాయి వల్లే. మంచి గాయని, పియానో వాయించేది, కవయహావో చర్చి గాయకబృందాన్ని నడిపేది. 1864లో రోగులకూ ముసలివాళ్లకూ సాయం చేసే కాహుమను సంఘాన్ని స్థాపించింది. చిన్నప్పుడే లూనాలీలో అనే రాకుమారుడితో నిశ్చయమైన పెళ్లి అన్నల అభ్యంతరాల వల్ల జరగలేదు. 1866 మేలో, ఇరవై ఏడేళ్లకు, వారసురాలిగా ఉండగానే చనిపోయింది. అంత్యక్రియల దాకా నెల రోజులు రాజప్రాసాదం ఆవరణలో రాత్రింబగళ్లు జనం శోకాలు, పాత కాలపు పాటలు సాగాయి.

ఆమె తర్వాత కుహినా నుయి అయింది తండ్రే. 1864 రాజ్యాంగం ఆ పదవినే ఎత్తేసింది కాబట్టి ఆ పదవిలో చివరివాడూ కెకూవనావోఆనే. భార్య, కూతురు, ఆయన, ముగ్గురూ ఒకే కుర్చీలో కూర్చున్నారు.

చదువుల విషయంలో ఆయన ఏమన్నాడు?

నాకు ఆయన మీద గౌరవం రెట్టింపు అయింది ఇక్కడే. 1860 నుంచి ఆయన విద్యామండలి అధ్యక్షుడు. అప్పటికే హవాయి భాష బళ్లు తీసేసి ఇంగ్లిష్ బళ్లు పెట్టాలనే ఒత్తిడి మొదలైంది. 1864 నివేదికలో ఆయన సూటిగా చెప్పాడు: హవాయి భాష స్థానంలో ఇంగ్లిష్ పెట్టి పిల్లలకు చదువు చెప్పాలన్న ఆలోచన జరిగేది కాదు, రాజ్యం హవాయియన్లకు మిగలాలంటే జాతీయ బళ్లన్నిటిలో హవాయి భాషే ఉండాలి, ఇంగ్లిష్‌ను వీలైన చోటల్లా ఒక ముఖ్యమైన సబ్జెక్టుగా నేర్పాలి. ఇంగ్లిష్ వద్దనలేదు, దాని చోటు ఏదో చెప్పాడు. ఆయన పోయాక బళ్లు ఒక్కొక్కటిగా మారిపోయాయి. రాజ్యం కూలాక 1896లో వచ్చిన చట్టం ఇంగ్లిష్‌నే బోధనా భాష చేసింది. ఆ భాషను మళ్లీ బడుల్లోకి తేవడానికి హవాయియన్లకు 1980ల దాకా పట్టింది.

కూతురు రూత్ మరో అడుగు ముందుకు వేసింది. తనతో మాట్లాడాలంటే హవాయి భాషలోనే మాట్లాడాలి, లేదా దుబాసీని వెంటబెట్టుకు రావాలి. 1855 నుంచి 1874 దాకా హవాయి ద్వీప గవర్నరుగా ఉండి కూడా ఆ పట్టు సడలించలేదు. క్రైస్తవం పుచ్చుకోలేదు. కయిలువా-కోనాలో రాతి ప్రాసాదం ఉన్నా పక్కనే గడ్డి ఇంట్లో ఉండడానికే ఇష్టపడింది.

రాజవంశపు భూములు కమేహమేహ స్కూల్స్ చేతికి ఎలా వచ్చాయి?

1848లో మహేలె అనే భూవిభజన జరిగి, భూమి మొదటిసారి సొంత ఆస్తి అయింది. కాహుమను, కీనౌల వాటా విక్టోరియాకు వచ్చింది. ఆమె వీలునామా రాయకుండా పోవడంతో 1866లో అదంతా తండ్రి కెకూవనావోఆకు సంక్రమించింది. 1868లో ఆయన నుంచి లాట్‌కు. లాట్ 1872 డిసెంబరు 11న, సరిగ్గా తన నలభై రెండో పుట్టినరోజున, పోయాడు. చివరి గంటల్లో బెర్నిస్‌ను గద్దె తీసుకోమన్నాడు, ఆమె వద్దంది. ఆయనా వీలునామా రాయలేదు. అప్పుడు ఆ సొంత భూములు ఆయన సవతి అక్క రూత్‌కు వెళ్లాయి. రూత్‌ను కెకూవనావోఆ కూతురిగా ఒప్పుకోకపోయి ఉంటే ఆమె వారసురాలు ఎలా అవుతుంది?

రూత్ 1883లో చనిపోతూ దాదాపు 3,53,000 ఎకరాలు అక్కచెల్లెలి వరసైన బెర్నిస్‌కు రాసింది. మరుసటి ఏడాది బెర్నిస్ పోతూ తన ఆస్తిని హవాయి పిల్లల చదువు కోసం ట్రస్టుగా పెట్టింది. 1887లో కమేహమేహ స్కూల్స్ మొదలయ్యాయి. ఇవాళ హవాయిలో అతి పెద్ద ప్రైవేటు భూ యాజమాన్యం ఆ ట్రస్టుదే. చదువు గురించి 1864లో అంతగా పట్టుబట్టిన మనిషి చేతుల మీదుగా వచ్చిన భూమి చివరికి బడులకే చేరింది.

చివరి రోజుల్లో ఎలా ఉండేవాడు?

శాసనసభ అధ్యక్షుడిగా పని చేస్తూనే ఉన్నాడు. 1866లో ఆ సభను చూసిన ఒక అమెరికన్ విలేకరి రాసిన దాన్ని బట్టి: నిటారుగా, దిట్టంగా ఉండే తెల్లజుట్టు ముసలాయన, నీలం కోటు, తెల్ల వెస్టు, తెల్ల ప్యాంటు, ఎక్కడా మరక లేని శుభ్రమైన బట్టలు, తొణకని హుందాతనం. ఆ ఏడాదే కూతురు విక్టోరియా పోయింది. 1868లో ఆయన పోయేనాటికి ఆరుగురు పిల్లల్లో మిగిలింది లాట్, రూత్ ఇద్దరే.

అందరి పేర్లూ ఒకలాగే ఉన్నాయి, ఎలా గుర్తుపెట్టుకోవడం?

లిహోలిహో అని మాత్రమే ఉంటే లండన్‌లో పోయిన రెండో కమేహమేహ. అలెగ్జాండర్ లిహోలిహో అంటే కెకూవనావోఆ కొడుకు, నాలుగో కమేహమేహ. కమామలు అంటే రాణి, విక్టోరియా కమామలు అంటే ఆమె చెల్లెలి కూతురు. పవాహి అంటే రూత్ తల్లి, బెర్నిస్ పవాహి అంటే ఆ పేరు పెట్టుకున్న ఆమె చెల్లెలి కూతురు. లెలెయోహోకు కూడా ఇద్దరు: రూత్ భర్త ఒకరు, ఆమె పెంచుకున్న కొడుకు మరొకరు. ఆ రెండో ఆయన లిలియువోకలాని సొంత తమ్ముడు.

హవాయి వెళ్తే ఈ కుటుంబానికి చెందినవి ఏం చూడొచ్చు?

హోనొలులులో ఇయోలాని ప్రాసాదం తప్పకుండా చూడండి. ఇప్పుడున్న భవనం 1882లో పూర్తయింది. కానీ ఆ స్థలంలో మొదట ఇల్లు కట్టించింది కెకూవనావోఆ, 1844లో, కూతురు విక్టోరియా కోసం. రాజధాని లహైనా నుంచి హోనొలులుకు మారినప్పుడు మూడో కమేహమేహ దాన్ని తీసుకుని రాజప్రాసాదం చేసుకున్నాడు. నువువాను లోయలో మవునా ఆలా రాజ సమాధి స్థలం ఉంది, కెకూవనావోఆ, కొడుకులు, కూతుళ్లు అక్కడే ఉన్నారు. బిషప్ మ్యూజియం బెర్నిస్ జ్ఞాపకార్థం భర్త 1889లో పెట్టింది. హవాయి ద్వీపానికి వెళ్లేవాళ్లు కయిలువా-కోనాలో హులిహేయె ప్రాసాదం చూడాలి. రూత్ ఇష్టపడని రాతి భవనం అదే, ఇప్పుడు మ్యూజియం. ఆమె గడ్డి ఇల్లు ఉండేది ఆ ఆవరణలోనే.